ఆరో మంచం మీది ఆరోగ్యవంతురాలు

నర్సు పని నేర్చుకునే రోజుల్లో, పరీక్ష కోసం నేను ఒళ్ళు తుడిచిన మొదటి పేషెంటుకు ఏ జబ్బూ లేదు. వినండి, టీ చల్లారేలోపల అయిపోతుంది. జబ్బు లేని మనిషికి ముప్పావు గంట సేవ చేశాను. జబ్బున్న మనిషి చేత నీళ్ళు మోయించాను. నవ్వు ఇప్పుడే అంతా ఖర్చు పెట్టకండి, ముందు ముందు పని ఉంది.

యుద్ధం జరుగుతున్న కాలం. మదనపల్లెకు దగ్గర్లో ఒక మిషన్ ఆసుపత్రి. ఏ ఆసుపత్రి అని అడక్కండి. ఊళ్ళో అందరి గుట్టూ చెప్తాను గానీ అన్నం పెట్టిన చోటు గుట్టు చెప్పను. మా పెద్దపంజాణి నుంచి ట్రంకుపెట్టెతో పుంగనూరు దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి తోశాం. ఆ బస్సులో మేము వచ్చామా, మేమే దాన్ని తీసుకొచ్చామా అనేది ఇప్పటికీ నాకు అనుమానమే.

అప్పట్లో మాకు నేర్పింది మందులూ మాత్రలూ కాదు. పక్క వేయడం, మనిషిని కదలనీకుండా కింద దుప్పటి మార్చడం, ఒళ్ళు తుడవడం, జ్వరం చూడడం, నాడి లెక్కపెట్టడం. నేర్పింది సిస్టర్ ఎస్తేరమ్మ. దుప్పటి మూల మడత చూసి మనిషి గుణం చెప్పేది. నా జత మరియమ్మ పక్క వేస్తే దాని కింద పిల్లి ఈనినట్టు ఉండేది. మంచి పిల్లే పాపం, రక్తం చూస్తే మాత్రం పేషెంటు కన్నా ముందు పడిపోయేది. నా మడతలు కత్తిలా ఉండేవి. ఆ ఫినాయిల్ వాసన, గంజి పెట్టిన తెల్ల చీర గరగర, పొద్దున్నే ఇత్తడి బేసిన్ల చప్పుడు... ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వరండాలోనే ఉంటాను.

మొదటి ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష. తప్పితే పెట్టె సర్దుకొని ఇంటికే. ఇంకో అవకాశం లేదు. ఇంటికి పోతే మళ్ళీ మా చిన్నాయన గొర్రెల వెనక తిరగడమే. గొర్రెలకు నాడి చూసే పని ఎవరూ ఇవ్వరు కదా.

పరీక్ష రోజు పొద్దున సిస్టరు చెప్పింది: "ఆరో మంచం పేషెంటు. చౌడేపల్లె. మలేరియా. అంతా నువ్వే చేయాల. ముప్పావు గంటకు వస్తా."

నాకు కొత్తగా ఏమీ చెప్పనక్కరలేదు. ముందురోజు సాయంత్రం అత్తాకోడళ్ళు బండిలో దిగారనీ, ఒకరికి జ్వరమనీ మరియమ్మ చెప్పే ఉంది. మరియమ్మ వార్త ఎప్పుడూ ముప్పాతికే. మిగతా పాతిక మనమే వేసుకోవాలి. వేసుకున్నాను.

వార్డులోకి పోయేసరికి ఆరో మంచం మీద నడివయసు దాటిన ఆమె కంబళి కప్పుకొని దర్జాగా పడుకొని ఉంది. కింద ఒక పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకొని మూటలా కూర్చొని ఉంది. పేషెంటుకు తోడు వచ్చినవాళ్ళు కుండా చట్టీ పెట్టుకొని మంచం పక్కనే కింద కూర్చోవడం అలవాటే. కాగితం చూశాను. రెడ్డెమ్మ, వయసు ఇరవై. పేషెంటును చూశాను. ఏ వైపు నుంచి చూసినా యాభై. రిజిస్టరు రాసే దేవదానం సంగతి అందరికీ తెలిసిందే, కళ్ళద్దాలు ఇంట్లో పెట్టి ముక్కు మాత్రం ఆఫీసుకు తెస్తాడు. పాపం అనుకొని, ఇరవై కొట్టేసి సిరాతో యాభై అని రాశాను. చక్కటి దస్తూరీ నాది.

"నోరు తెరువమ్మా" అని థర్మామీటరు పెట్టాను. తొంభై ఎనిమిదిన్నర. నాడి డెబ్బై రెండు. కాగితం మీద ఎక్కించాను. నా చెయ్యి తగిలితేనే జ్వరం దిగిపోయింది అనుకున్నాను.

కింద పిల్లను కదిలించాను. "ఏం పాపా, కూర్చొని తూగుతాండావే? లెయ్, వంటింటి నుంచి ఉడుకునీళ్ళు పట్టుకొని రా."

ఆ పిల్ల లేచి, గోడ పట్టుకుంటూ పోయి, బక్కెట తెచ్చింది. చేతులు వణికి సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. "ఈ కాలం పిల్లలకు సత్తువే లేదు" అన్నాను. నాకప్పుడు పంతొమ్మిది.

ముఖం, మెడ, చేతులు, కాళ్ళు, ఒక్కో భాగం తుడిచి వెంటనే కప్పుతూ, పుస్తకంలో ఉన్నట్టే చేశాను. వీపుకు స్పిరిట్ రాసి పౌడరు వేసి రుద్దితే ఆమె కళ్ళు మూసుకుంది.

"ఆడ పాపా, ఇంకొంచెం పైకి. ఆ... అబ్బా. ఈ ఆసుపత్రి శానా బాగుండాది."

తల దువ్వాను. పేషెంటుకు వచ్చిన పాలగంజి చెంచాతో తాగించాను. ఇంకో గిన్నె ఉందా అని అడిగింది. ఊరికే ఉండకుండా కింద పిల్లకు ఉపదేశం కూడా చేశాను. "సూసినావా? అత్తకు ఇట్ల సేవ చేయాల."

"సరే అక్కా" అంది ఆ పిల్ల, పళ్ళు కటకటలాడిస్తూ.

సిస్టరు వచ్చింది. దుప్పటి మూలలు చూసింది, గోళ్ళు చూసింది, వీపు చూసింది. ముఖంలో మెప్పు కనపడింది. నేను గొర్రెలకు మనసులోనే సెలవు చెప్పేశాను.

"నీ పేరేమమ్మా?" అని అడిగింది సిస్టరు.

"నంజమ్మ."

"మరి రెడ్డెమ్మ?"

"అదిగో, కింద కూర్చోనుండాదే, నా కోడలు. దానికే జరము."

సిస్టరు నెమ్మదిగా అడిగింది: "నువ్వు యాల మంచమెక్కినావమ్మా?"

"నేను కింద ఉంటే అది మంచమెక్కుతాదా? అత్త కింద, కోడలు పైన, యాడన్నా ఉందా? కాళ్ళు పట్టుకొని నన్నే ఎక్కించె. మర్యాద తెలిసిన బిడ్డ."

"ఈ అమ్మాయి ఒళ్ళు తుడుస్తాంటే చెప్పకూడదా?"

"ఆ పాప అడగలే. ఆసుపత్రికి వచ్చినోళ్ళకంతా ఇట్ల చేస్తారేమో అనుకుంటి."

సిస్టరు ఆ పిల్ల నోట్లో థర్మామీటరు పెట్టింది. నూట నాలుగు! నేను రాసిన కాగితం చూసి ఉంటే డాక్టరమ్మ ఆ పూట క్వినైన్ ఆపేసేది. యుద్ధం రోజుల్లో అది దొరకడమే గగనం, జ్వరం లేనివాళ్ళకు ఎవరిస్తారు? నూట నాలుగు జ్వరంతో ఉన్న పిల్ల చేత బక్కెట మోయించాను. నవ్వులాటగా చెప్తున్నాను గానీ, ఆ నిమిషంలో కలం అందుకొని నేను రాసిందంతా కొట్టేశాను.

సిస్టరు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పేషెంటును మంచమెక్కించు. ఎవరినీ కసరకూడదు. జ్వరం దిగాల. అప్పుడు మార్కుల మాట" అంది.

నంజమ్మ వెంటనే దిగింది, పాపం. కానీ అత్త నేల మీద కూర్చోగానే రెడ్డెమ్మ కూడా నేల మీదే కరుచుకుపోయింది. "అత్త కింద ఉంటే నేను ఎక్కనక్కా." బయట వరండాలో కూర్చోమంటే నంజమ్మ ఒప్పుకోదు. "దాన్ని వొదిలి యాడికీ పోను. నా కొడుకు పట్టాళంలో ఉండాడు. నాకుండేది ఇదొకటే."

వార్డు మొదట్లో డాక్టరమ్మ రౌండ్సుకు వస్తే కూర్చునే ఎత్తు చేతుల కుర్చీ ఉండేది. దాన్ని తుడవాలన్నా మాకు భయం. ఈడ్చుకొచ్చి మంచం పక్కన వేసి, "ఎక్కి కూర్చో అమ్మా" అన్నాను. సిస్టరు పక్కకు జరిగి దారి ఇచ్చింది. నంజమ్మ జమీందారిణిలా కూర్చుంది. అత్త తల కోడలి తల కన్నా మూడడుగులు ఎత్తులో ఉంది. రెడ్డెమ్మ మంచమెక్కి పడుకుంది.

అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఈసారి గోరువెచ్చని నీళ్ళు, తెచ్చింది నేనే. కుర్చీలోంచి పర్యవేక్షణ: "ఆడ సరిగ్గా తుడువు పాపా. నాకు రుద్దినట్ల రుద్దు. మెడ కింద మర్సిపోతాండావు." ఎస్తేరమ్మ కన్నా కఠినమైన పరీక్షాధికారి. క్వినైన్ మింగించి, తడిగుడ్డ మారుస్తూ ఉంటే మధ్యాహ్నానికి నూట ఒకటికి దిగింది. రెడ్డెమ్మ కళ్ళు తెరిచి, "అక్కా, చేతులు నొస్తాండాయా?" అని అడిగింది. నన్ను. నీళ్ళు మోసింది తనైతే.

సిస్టరు పాస్ చేసింది. మార్కులు వేస్తూ ఒక షరతు పెట్టింది: ఇక మీద ఎవరి ఒంటి మీద చెయ్యి వేయాలన్నా, ముందు పేరూ వయసూ వాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలి. శిక్షణ ముగిసేదాకా నేను దాన్ని తప్పలేదు. మంచినీళ్ళు కావాలన్నా ముందు పేరు చెప్పమనేదాన్ని.

శిక్షణ ముగిశాక నాకు కుప్పం సంబంధం కుదిరింది. పెళ్ళిరోజు చర్చి నిండా జనం. పాస్టరుగారు "వరుని కుడిచెయ్యి పట్టుకోమ్మా" అన్నారు. నేను చెయ్యి చాపి, పెళ్ళికొడుకు ముఖంలోకి చూసి, గట్టిగా అడిగాను:

"పేరేమప్పా? వయసెంత?"

అది కూడా ప్రార్థనలో భాగమనుకొని ఆయన నిటారుగా నిలబడి, తండ్రి పేరుతో సహా చెప్పాడు.