రేల చెట్ల కింద నీళ్లు

దయ్యం వార్త ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసేవాణ్ణి. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల్లో ముప్పై ఏళ్లు ఒక తెలుగు దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. నా దాకా వచ్చిన దయ్యాలన్నీ చివరికి తెగిన తీగలో, గుడ్లగూబలో, జనం ఆ దారిన రాకుండా ఇసుక లారీల వాళ్లు పుట్టించిన పుకార్లో అయ్యేవి. ఒక్కటీ అచ్చుకు పంపలేదు. ఇప్పుడు రాస్తున్నది నేను చూసింది. చూసినంతవరకే రాస్తాను.

మా చెల్లెలు కమల భర్త దేవరాజుది రొయ్యల వ్యాపారం. తిరువళ్లూరులో ఇల్లు. వారానికి మూడు రోజులు పొన్నేరి మీదుగా బస్సులో పళవేర్కాడు పోయి, పడవలో సరస్సులోకి వెళ్లి, వల దగ్గరే సరుకు చూసి బేరం చేసుకునేవాడు. పోయిన కార్తీకంలో, తుఫాను వానలో, పడవ తిరగబడింది. పడవ నడిపే ఏళుమలై ఈదుకుంటూ గట్టెక్కాడు. దేవరాజు ఎక్కలేదు. పడవ కూడా దొరకలేదు. నెల రోజులు వెతికారు.

ఆ రోజు దేవరాజు తన సెల్‌ఫోన్ ఛార్జింగుకని గట్టు మీది టీ అంగడిలో పెట్టి పోయాడు. మిగిలింది అదొక్కటే. కొన్నాళ్లకు అదీ చచ్చిపోయింది. బాగుచేసేవాడు ఇక లాభం లేదన్నాడు.

ఆరు నెలలు చూసి, పెద్దవాళ్లూ పురోహితుడూ ఒక మాటకు వచ్చారు. శవం దొరకనప్పుడు దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దాన్ని దహనం చేసి కర్మలు జరపవచ్చు. మే నెలలో ఒక శుక్రవారం ఖాయం చేశారు. కమల ఒప్పుకోలేదు.

"గడ్డిబొమ్మ కోసమా అన్నా నేను తాళి తీసేది? యాడన్నా ఉండి, రేపొచ్చి వాకిట్లో నిలబడితే ఆయనకేం చెప్పేది?"

బంధువుల్లో కొందరు అప్పటికే ఆమె నుదుటి బొట్టు చూసి ముఖం తిప్పుకుంటున్నారు.

ఆ శుక్రవారానికి ముందరి ఆదివారం కమల కూతురు రేణుక తిరుత్తణిలోని మా ఇంటికి వచ్చింది. గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికితే ఫోన్‌తో ఫోటోలు తీయడం దానికి సరదా. నీళ్లలో పడినట్టు నీడలు పడే ఫోటోలంటే మరీ ఇష్టం. ఇంకో ఫోన్ నల్లటి అద్దాన్ని కెమెరా కంటికి కిందివైపు అడ్డంగా ఆనించి తీస్తే, ఎదురుగా ఉన్నదంతా ఆ అద్దంలో తలకిందులుగా పడుతుంది. చుక్క నీరు లేని చోట కూడా చెరువు గట్టున తీసినట్టుంటుంది. ఇదివరకు తండ్రితో పళవేర్కాడు పోయినప్పుడల్లా సముద్రం ఒడ్డున అట్లాంటివి తీసేది. ఆయన పోయాక సముద్రం వైపు వెళ్లడం మానేసింది. ఇప్పుడన్నీ చెట్లే.

పళ్లిపట్టు దారిలో కొండ పక్కన చిన్న అడవి ఉంది. రేల చెట్లు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. పొద్దున తొమ్మిది గంటలకు వెళ్లాం. నేనూ ఒకటి తీస్తానన్నాను.

"వద్దులే మామా, నువ్వు తీస్తే మనుషులకు తలకాయలుండవు. ఊరికే నిలబడు, అదే పెద్ద సాయం."

అద్దంగా రేణుక వాడింది వాళ్ల నాన్న ఫోనే. చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది. నేను పక్కనే ఉన్నాను. సూర్యుడు మాకు ఎదురుగా, చెట్ల వెనక ఉన్నాడు.

పదకొండు ఫోటోలు తీసింది. చెట్టు నీడన కూర్చుని ఒక్కొక్కటే చూస్తూ ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయింది. ఫోన్ నా చేతికిచ్చింది.

పై సగంలో రేల పూలు ఉన్నాయి. కింది సగంలో అవే పూలు తలకిందులుగా ఉండాలి. లేవు. బూడిదరంగు నీళ్లు, బురద, రెల్లు, నిటారుగా రెండు తాడిచెట్లు. ఒకదానికి తల లేదు. బురదలో ఒక పడవ. పడవ ఒక పక్క మీద తలకిందులుగా తమిళ అక్షరాలు, నాలుగు అంకెలు.

మొదట నాకు తట్టింది, పాత ఫోటో ఏదో దీనితో కలిసిపోయిందని. రేణుక తన ఫోన్లో ఉన్న పళవేర్కాడు ఫోటోలన్నీ తీసి చూపించింది. ఆ చోటు ఒక్కదాంట్లోనూ లేదు. అక్కడికి తానెప్పుడూ పోలేదంది.

తర్వాత అక్షరాలు చూశాను. ఒకప్పుడు మా పత్రికలో ఫోటోలు తిరగేసి అచ్చయ్యేవి. కుడి ఎడమైపోయేది. పట్టుకోవాలంటే మేము ముందు ఫోటోలో అంగడి బోర్డు చదివేవాళ్లం. ఆ అలవాటుతోనే ఫోన్‌ను తలకిందులుగా పట్టుకున్నాను. అద్దంలో పడిన నీడైతే అక్షరాలు కుడి ఎడమలై కనిపించాలి. అవి తిన్నగా ఉన్నాయి. రేణుక చదివింది. "సెల్వి" అని ఉంది.

అంటే అది అద్దంలో పడిన నీడ కాదు. నిజంగానే బోర్లా పడి ఉన్న పడవ. దాని ఎదుట ఎవరో నిలబడి తీసిన ఫోటో.

"అమ్మకు చూపిద్దామా మామా?" అంది రేణుక.

వద్దన్నాను. రూఢి కాని మాటను అచ్చుకు ఇవ్వకపోవడం నా వృత్తి. ఇక్కడ పొరబడితే పోయేది నా చెల్లెలి ప్రాణం.

మర్నాడే ఇద్దరం పళవేర్కాడు పోయాం. ఏళుమలై గట్టున వల బాగుచేసుకుంటున్నాడు. ఎక్కడిదో చెప్పకుండా, కింది సగం మాత్రమే కనిపించేలా పెద్దది చేసి చూపించాను. వల చేతిలోంచి జారిపోయింది.

"ఇది నా పడవే సార్. మా పాప పేరు. యాడ తీసినారు దీన్ని?"

"చోటు గుర్తుపడతావా?"

"తల తెగిన తాడిచెట్టు... అది ఉత్తరాన రెల్లుపాయలో ఉండాది. ఆ పక్క వల వెయ్యం. వానల్లో అంతా మునిగిపోతాది. అట్ల పోయుంటాదని నాకు తట్టనే లేదే, అయ్యో కడవుళే, దేవుడా!"

ఇంకొకరి పడవ అడిగి తీసుకుని మమ్మల్ని ఎక్కించుకున్నాడు. రేణుకను గట్టునే ఉండమన్నాను. వినలేదు. ఎండాకాలం కాబట్టి నీళ్లు బాగా తగ్గిపోయాయి. పాయలోకి తిరిగి, గడతో నెట్టుకుంటూ అరగంట పోయాక తాడిచెట్లు కనిపించాయి. వాటి ముందర, ఫోటోలో ఎట్లా ఉందో అట్లాగే, పడవ బోర్లా పడి ఉంది. అదే రెల్లు, అదే ఒరుగు. ఏళుమలై గడ వదిలేసి రెండు చేతులూ జోడించాడు. ప్రమాదాలు, హత్యలు ఎన్నో చూసినవాణ్ణి, పడవ అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

పోలీసులు వచ్చి పడవను ఎత్తించారు. కింద ఏముందో నేను ఇక్కడ రాయను. ఆనవాలు పట్టింది మాత్రం మొలతాడుకున్న వెండి తాయెత్తు. పెరియపాళయం అమ్మవారి దగ్గర కమల తన చేతులతో కట్టింది. స్టేషనులో దాన్ని చూపిస్తే ఆమె ఏడవలేదు. అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసింది.

గడ్డిబొమ్మ అవసరం లేకపోయింది. దేవరాజును దేవరాజుగానే దహనం చేశాం.

తొమ్మిదో రోజు సాయంత్రం కమల నన్ను పిలిచింది. "మీరిద్దరూ నాకు చెప్పనిది ఏందో ఉండాది. ఆ ఫోటో చూపించన్నా," అంది. చూపించాను. చాలాసేపు చూసింది. పడవను కాదు. కింది అంచున బురద మీద ఒక మరక ఉంది. అప్పటిదాకా దాన్ని నేను నీటి చారే అనుకున్నాను. ఆమె వేలు పెట్టి చూపించాక నాకూ కనిపించింది. అది మనిషి నీడ. ఫోటో తీసేవాడి నీడ. చేతులు రెండూ ముఖం దగ్గరికి ఎత్తి ఉన్నాయి. ఎడమ భుజం కిందికి వాలి ఉంది.

"ఐసుపెట్టెలు మోసి మోసి అట్ల అయిపోయింది," అంది కమల. "ఎన్ని తూర్లు తైలం రుద్దినానో ఆ బుజానికి."

ఎవరూ అడగకుండానే, మర్నాటి పదో రోజు తంతు దాకా ఆగకుండానే, ఆమె మెడలోంచి తాళి తీసింది. "ఇంక ఎదురుచూడను," అని నా చేతిలో పెట్టింది.

ఆ ఫోటోను మా పత్రికలో పాతికేళ్లు పనిచేసిన ఫోటోగ్రాఫర్‌కు చూపించాను. రెండు రోజులు దగ్గర పెట్టుకుని, ఎవరూ దిద్దింది కాదన్నాడు. మిగతాది నన్నడగొద్దన్నాడు. ఆ అడవికి అదే వేళకు, అవే రెండు ఫోన్లతో మళ్లీ పోయాం. నలభై ఫోటోలు తీశాం. నలభైలోనూ పైనా కిందా రేల పూలే. మొదటిసారి పోయిన పొద్దున సూర్యుడు మాకు ఎదురుగా ఉన్నాడు కాబట్టి, మా నీడలు మా వెనకే పడ్డాయి. ఆ బురద మీది నీడ రేణుకది కాదు, నాది కాదు. అంతవరకు గట్టిగా చెప్పగలను. దాని తర్వాతి వాక్యం ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.