గుమ్మడి సంపూర్ణమ్మ పాత కార్డు

విజయవాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో క్షయ రోగుల కార్డుల గది అమలమ్మ చూసేది. పందొమ్మిది వందల డెబ్భై ఆరు నాటికి ఆమె ఆ గదిలో పనికి చేరి పదకొండేళ్లు. చెక్క సొరుగుల్లో ఇంటిపేర్ల వరసలో తొమ్మిది వేల కార్డులు. ఎవరొచ్చినా పాత కార్డు ఉందేమో వెతకాలి. ఉంటే దాన్నే డాక్టరు గారికి పంపాలి, లేకపోతేనే కొత్తది రాయాలి.

మందులు మధ్యలో మానేసినవాళ్లు తిట్లకు భయపడి "ఇదే రావటమండీ" అనేవాళ్లు. ఒకాయన మూడు ఊళ్ల పేర్లు చెప్పి మూడు కార్డులు రాయించుకుని, మూడుసార్లూ మొదటి నెల మందులే వాడాడు. అది బయటపడ్డ రోజున డాక్టరు సంజీవరావు గారు అందరి ముందూ అమలమ్మను కేకలేశారు. అప్పటినుంచి ఆమెకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఏడు ఏప్రిల్లో ఇబ్రహీంపట్నం నుంచి పాతికేళ్ల మనిషి ఒకామె దగ్గుకుంటూ వచ్చింది.

"పేరు?"

"గుమ్మడి సంపూర్ణమ్మండి."

"ఇంతకుముందు వచ్చావా?"

"లేదండి. ఇదే రావటం."

సొరుగు లాగితే కార్డు ఉండనే ఉంది. గుమ్మడి సంపూర్ణమ్మ, ఇబ్రహీంపట్నం, వయసు ఇరవై నాలుగు, భర్త వెంకటప్పయ్య. మొదటి రెండు నెలల ఇంజక్షన్లు పూర్తి. అయిదు వారాలుగా రాలేదు.

అమలమ్మకు ఒళ్లు మండింది. "ఇంకెన్నాళ్లు చెబుతారమ్మా ఈ అబద్ధాలు? మీ ఆయన వెంకటప్పయ్యేనా, కాదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. మొగుడి పేరు పైకి చెప్పే ఆడవాళ్లు రోగులు నిలబడే ఆ వరండాలో తక్కువే. "మా అక్కండీ..." అంటూ ఏదో చెప్పబోయింది.

"అక్కా లేదు, చెల్లీ లేదు. నీ వెనక అరవై మంది ఉన్నారు. లోపలికెళ్లు."

ఇంజక్షన్లు అయిపోయాయని కార్డులో ఉంది కాబట్టి డాక్టరు గారు బిళ్లలు మాత్రమే రాశారు. నెల గడిచినా దగ్గు తగ్గలేదు. "నువ్వు బిళ్లలు సరిగ్గా మింగటం లేదు" అని అమలమ్మ మళ్లీ కసిరింది.

మే నెలాఖరున మరొకామె వచ్చి, కార్డు నంబరు రాసిచ్చిన నలిగిన చీటీ బల్ల మీద పెట్టింది. అదే నంబరు, అదే పేరు.

"మొన్న సోమవారమేగా బిళ్లలు పట్టుకెళ్లావు!" అంది అమలమ్మ, తలెత్తకుండానే.

"నేనా? నూజివీడు మామిడి తోటల్లో పనికెళ్లి నిన్ననే వచ్చానండి. సోమవారం వచ్చింది మా చిన్నాన్న కూతురై ఉంటది. ఇద్దరికీ మా నాయనమ్మ పేరే పెట్టారు. ఇద్దర్నీ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు. ఇంట్లో నేను పెద్ద సంపూర్ణం, అది చిన్న సంపూర్ణం."

అమలమ్మ అప్పుడు తలెత్తి చూసింది. ముఖం వేరు, మనిషి వేరు. కార్డు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన రెండుసార్లు చదివి, "ఆ చిన్నామెకు ఇంజక్షన్ ఒక్కటి కూడా పడలేదన్నమాట. ఇవాళే పిలిపించండి" అన్నారు. ఈసారి కేకలేయలేదు. కార్డు మీద సంతకం ఆయనది కూడా.

మిట్టమధ్యాహ్నం ఎండలో అమలమ్మ బస్సెక్కి ఇబ్రహీంపట్నం వెళ్లింది. చిన్న సంపూర్ణం గడప దగ్గర కూర్చుని ఆయాసపడుతోంది.

"ఎప్పుడూ రాలేదని చెప్పాగా అండీ," అంది, అమలమ్మ నోరు తెరవకముందే.

"చెప్పావు. నేనే వినలేదు."

"బిళ్లలు మింగటం లేదని కూడా తిట్టారు."

"తిట్టాను. తప్పు నాదే. లే తల్లీ, బస్సు మళ్లీ దొరకదు."

ఆ సాయంత్రమే ఆమెకు వేరే కార్డు రాసి, వార్డులో మంచం ఇప్పించింది. రెండు నెలలు రోజూ ఇంజక్షన్లు పడ్డాయి. ఆగస్టుకి దగ్గు తగ్గి, నాలుగు కిలోల బరువు పెరిగింది.

అప్పటినుంచి అమలమ్మ ప్రతి ఒక్కరినీ అడిగేది: ఈ పేరు ఎవరిది పెట్టారు, ఇంట్లో ఇదే పేరుతో ఇంకెవరన్నా ఉన్నారా, పిలిచే పేరేంటి అని. వరస మెట్ల కిందిదాకా పెరిగింది. "దగ్గుకు మందిమ్మంటే మా తాత సంగతులెందుకమ్మా?" అని ఒక ముసలాయన గోల పెట్టాడు. "చెప్తేనే కార్డు" అని ఆమె అరిచింది.

చిన్న సంపూర్ణం నెలనెలా బిళ్లలకు వచ్చేది. అమలమ్మ "బాగున్నావా?" అంటే "ఆఁ" అని, చీటీ తీసుకుని వెళ్లిపోయేది.