లిమ అంటే

మా లైన్లో పనిచేసే అక్క పోయిందని పొద్దున కంపెనీ బస్సులో తెలిసింది. ముత్తంగి దగ్గర ఎక్కినామె చెప్పి సీట్లో కూలబడింది. ఎవరమూ పైకి ఏడవలేదు. డ్యూటీకి వెళ్ళి, మాత్రల డబ్బాలు సర్ది, సాయంత్రం అందరం కలిసి అక్క ఊరికి బయలుదేరాం.

మీకు ఆమె తెలిసి ఉండదు. పటాన్‌చెరులో మందుల ప్యాకింగ్ లైన్లో నా పక్కన నిలబడేది. ఇల్లు బొంతపల్లి దాటాక. ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ అత్త ఉండేది. ఆ ముసలామెకు నోట్లో "లిమ" అన్న ఒక్క శబ్దమే మిగిలింది. అక్క దానికి నీళ్ళని అర్థం పెట్టుకుంది. ఇంకొన్ని మాటలు తానే కల్పించి, అత్తాకోడళ్ళకు ఒక భాష తయారుచేసింది.

ఆ అలవాటు కంపెనీకీ వచ్చింది. లైన్లో మాట్లాడనివ్వరు కాబట్టి మాస్కు చాటున గొణుక్కోవడానికి ఒక భాష. అందులో లిమ అంటే సూపర్‌వైజర్ వస్తున్నాడని. బస్సులో కాలక్షేపానికి మరొకటి. అందులో వారాలకు కూరల పేర్లు. లిమ అంటే జరిగి చోటివ్వమని. ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకరోజు బస్సు మెట్ల దగ్గరే నిలబడి ఏడుస్తుంటే, అక్క ఆమె చెయ్యి పట్టుకుని "లిమ!" అని అరిచింది. సీట్లో వాళ్ళంతా జరిగారు. ఆ పిల్ల తెలుగు కన్నా ముందు ఆ మాటే నేర్చుకుంది.

"అన్నిట్ల గదే మాటేందక్కా?" అని అడిగితే నవ్వింది.

"నిలబడి నిలబడి పానం పోతున్నది. రోజుకో కొత్త మాట యాడికెల్లి తేవాలె? ఉన్న చీరనే తిప్పి కట్టుకుంటం గద."

ఊపిరితిత్తుల జబ్బని తేలాక కూడా డ్యూటీ మానలేదు. "పండుకుంటే మల్ల లేవనేమోనని బుగులే" అనేది.

పోయే ముందురోజు ఆసుపత్రికి వెళ్ళాను. ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకెత్తి "లిమ" అంది. నీళ్ళు పట్టబోతే తల అడ్డంగా ఊపింది. వెనక్కి చూశాను, ఎవరూ రావడం లేదు. మంచం అంచున కూర్చున్నాను. ఔననలేదు, కాదనలేదు, కళ్ళు మూసుకుంది. నర్సు వచ్చి పొమ్మనేదాకా అట్లాగే కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్క భర్త గడపలో కూర్చుని ఉన్నాడు.

"నిన్న నీతోని ఏమన్న అన్నదా అమ్మా?"

"లిమ అన్నది బావా. నీళ్ళిస్తే వద్దన్నది."

ఆయన గడప మీద చేత్తో నిమిరాడు.

"మా అమ్మ పోయినంక ఇంట్ల గా మాటకు అర్థం మారింది. డ్యూటీ నుంచొచ్చి చెప్పులు గూడ ఇడువకుండ ఈడనే కూసుండి అంటుండె. ఇగ నాతోని గాదు, జెరసేపు నువ్వు సూసుకో అని."

వాకిట్లో తీగ మీద అక్క కంపెనీకి వేసుకొచ్చే నీలం కోటు వానకు తడిసి వేలాడుతోంది. ఆయన లేచి వెళ్ళి, దాన్ని రెండు చేతులా పిండి, దులిపి, మళ్ళీ ఆరేశాడు. కోటు చేతుల అంచుల నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.