రేటుకు ముందు క్షేమసమాచారం

మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీ కిరాయి రేట్లు చెప్పే మాస్టారు గత గురువారం ఉదయం గుండెపోటుతో పోయారు. ఆయన ఇల్లు మా వెనక వీధిలోనే. అయినా ఆ వార్త నాకు చెప్పింది నెల్లూరు దాటిన డ్రైవరు. "బండి ఎక్కడుంది బాబాయ్?" అని ఫోను చేస్తే, "బండి సంగతి తర్వాతండి. మాస్టారు పోయారంట కదా" అన్నాడు. కబురుకి కిరాయి లేదు కాబట్టి అంత వేగం.

ఆ రోజే నేను ఆయనకి ఒక మాట చెప్పాలి. విశాఖపట్నంలో పెద్ద షిప్పింగు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ఆ మాట ఎలా చెప్పాలో మూడు రోజులు అద్దం ముందు సాధన చేశాను. తీరా చూస్తే నాకంటే ముందు ఆయనే రాజీనామా ఇచ్చేశారు, నోటీసు పీరియడైనా లేకుండా.

మా ఆఫీసు రావులపాలెంలో, అరటి గెలల లారీల మధ్య ఉంటుంది. ఎంబీఏ చదివి, రెండు నెలలకని వచ్చి, మూడేళ్ళుగా ఆయన పక్క కుర్చీలో ఇరుక్కున్నాను. గది ఎంత ఇరుకంటే, ఆయన లేస్తే గాని నేను బయటపడలేను. ఆయన భోజనానికి తప్ప లేచేవారు కాదు.

రేటు కట్టడంలో ఆయనది సొంత పద్ధతి. సరుకేంటో, ఎక్కడికో అడిగి, వెంటనే క్షేమసమాచారాల్లోకి దిగేవారు. నోరు పరామర్శిస్తుంటే బుర్ర డీజిలు, టోలు, బండి ఖాళీగా రాకుండా దొరికే తిరుగు లోడు లెక్క వేసేది. చెన్నై అయితే "టిఫిను చేశారాండి?"తో తేలిపోయేది. నాగపూర్ అయితే అవతలివారి అమ్మగారి మోకాళ్ళ దాకా వెళ్ళేవారు. గువాహటి లోడు వచ్చిన రోజున ఇద్దరు కూతుళ్ళ ఇంటర్ మార్కులు, కొత్త బోరులో నీళ్ళ రుచి కూడా కనుక్కొని, అప్పుడు చెప్పారు రేటు.

నేను ఊరుకోకుండా కంప్యూటరులో పట్టిక తయారుచేశాను. ఊరు కొడితే చాలు, రేటు వస్తుంది. మొదటి ఫోనుకే టకీమని చెప్పేశాను. అవతల కొబ్బరికాయల వ్యాపారి, "అంత తొందరగా చెప్పేశారేంటండి? మాకెంత వెయ్యాలో ముందే అనుకొని కూర్చున్నారా?" అని ఫోను పెట్టేశాడు.

"రేటు ఉడకాలండి. పచ్చిది పెడితే ఎవరు తింటారు?" అన్నారు మాస్టారు. నన్ను కూడా 'అండి' అనేవారు, కోపం వస్తే మరీను.

ఆ కోపం ఒకసారే చూశాను. కోనసీమలో కాలువ గట్టు మీద కడుతున్న ఇంటికి టైల్స్ లోడు. ఫోనులో మ్యాపు చూసి నేనే రేటిచ్చాను. పది టైర్ల లారీ వెళ్ళింది, సరుకు దింపింది, ఇక కదల్లేదు. అటు కాలువ, ఇటు వరిచేను. మాస్టారు నన్ను బండెక్కించుకొని అక్కడికి తీసుకెళ్ళారు.

"మ్యాపులో రోడ్డుందండి. లారీ తిరిగే చోటుందా అని అడిగారా?"

అడగలేదు. రెండు కిలోమీటర్లు లారీ రివర్సులోనే వచ్చింది. దాని వెనక మేమిద్దరం "రానీ, రానీ" అంటూ నడిచాం. సగం దారిలో అడిగాను.

"మీకెప్పుడూ ఇది మానేద్దామనిపించలేదాండి?"

"ఎందుకనిపించదు? పెళ్ళైన కొత్తలో హైదరాబాదు వెళ్ళిపోదామని మా సామానుకి నేనే కొటేషను కట్టుకున్నా. బీరువా, మంచం, కుట్టు మిషను. అంతా బానే ఉంది గానీ, తిరుగు లోడు దొరకలేదండి."

"వెళ్ళిపోయేవాళ్ళకి తిరుగు లోడెందుకండి?"

ఆయన లారీ వంక చూసి, "ఎడమకి, ఎడమకి" అన్నారు.

అవతలి మనిషిని సరుకుతో కలిపి తూకం వెయ్యకూడదని నేర్పింది ఆయనే. నా ఎంబీఏలో ఆ పాఠం లేదు. అందుకు దణ్ణం పెట్టాలి. పెట్టాను కూడా, శ్మశానంలో. అక్కడే మా ఓనరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టారు పోయినా నువ్వున్నావు కదరా, నాకదే ధైర్యం" అన్నారు. సాధన చేసిన వాక్యం గొంతు దాకా వచ్చింది. బయటికి మాత్రం "సరేనండి" అని వినబడింది.

సోమవారం పది గంటలకి విశాఖపట్నం నుంచి ఫోను. "చేరుతున్నారా, వేరేవాళ్ళని తీసుకోమంటారా?" అని అడుగుతోంది అవతలి అమ్మాయి. నేను ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. బయట కటక్ వెళ్ళాల్సిన అరటి లారీ, తాళ్ళు బిగించుకొని సిద్ధంగా ఉంది. ఆ ఫోను తన లోడు గురించే అనుకొని, ఇంజను ఆపకుండా, మోచెయ్యి తలుపు మీద ఆనించి, వెళ్ళమంటానో ఆగమంటానో అని డ్రైవరు నా నోటి వంకే చూస్తున్నాడు.