వదిన చెప్పిన దూరం

మంచోళ్లంటే నాకు మొదటి నుంచీ పడది. చెడ్డోళ్లతోటి ఎట్లనన్న ఏగొచ్చు, వాళ్ల మాట ఏడ తగుల్తదో ముందే ఎరుకైతది. మంచోళ్లు చప్పట్లు కొడ్తరు. గా చప్పట్ల నడుమ ఒక చలికాలమంతా నేను ఆట నేర్చుకున్న. ఇప్పుడు యాదికొచ్చినా ఒళ్లు మండుతది.

నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. పాణం దక్కింది గని రెండు కండ్లూ పోయినయి. నన్ను కన్న బాపు, అవ్వ పోయినంక అన్న ఇంటికొచ్చిన. అన్న బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టరు. క్వార్టరంటే రెండర్రలు, ఒక వంటిల్లు, గంతే. వదిన మోర్తాడ్ దిక్కు పిల్ల, పసుపు ఉడకబెట్టే కడాయిల కాడ పెరిగింది. నోరు గూడ గట్లనే సలసల కాగుతుండేది. నేనంటే ఆమెకు పడది, ఆమెంటే నాకు పడది. ఆ సంగతి ఇద్దరం దాసుకోలే.

ఆఫీసర్ల క్లబ్బు ఎనుక నున్నగ కోసిన గడ్డి మైదానం ఉండేది. ఊరంత తాగేటి నీళ్లకు నల్లా కాడ కొట్లాడుకుంటుంటే, ఆ గడ్డికి మాత్రం పొద్దుమాపు నీళ్లు. అండ్ల లాన్ బౌల్స్ ఆడేది సార్లు. ముందుగాల ఒక చిన్న తెల్ల గుండు దొర్లిస్తరు, దాన్ని జాక్ అంటరు. తర్వాత పెద్ద బంతులు దొర్లిస్తరు, ఎవరిది జాక్‌కు దగ్గర ఆగితే వాళ్లది గెలుపు. బంతికి ఒక పక్క బరువెక్కువ, సక్కగ పోదు, పోయి పోయి చివర్ల వంగుతది. మైదానం చుట్టూ చిన్న కాలువ, బంతి అండ్ల పడ్డదంటే ఖతం.

ఒక యేడు హైద్రాబాద్ నుంచి పెద్ద సారు కొత్తగొచ్చిండు. ఆయన భార్యను అందరం మేడం అనేది. మేడంకు జనోద్ధారం తీట. "ఆట అందరిదీ, ఐతారం నాడు అందరూ రావాలె" అని కబురంపింది. కూలీల పెండ్లాలొచ్చిండ్రు, ముసలోళ్లొచ్చిండ్రు, కాలు ఇరిగిన వాచ్‌మన్ తాతొచ్చిండు. నన్ను గూడ పట్టుకరమ్మన్నది. ఆడపిల్లను ఒక్కదాన్నే క్లబ్బుకు ఎట్ల పంపుతమని అన్న వదినను తోలిండు. వదిన దారి పొడుగుత తిట్టుకుంటనే వచ్చింది.

నేర్పుడు సంగతి నిజం చెప్పాల్నంటే బాగనే ఉండె. నిలబడలేనోళ్లకు స్టూలేసిండ్రు. ఒకపారి తువాల పరిచి దాని మీద బంతి ఆపమనేది. ఇంకోపారి రెండు ఇటుకలు పెట్టి నడుమకెళ్లి పోనియ్యమనేది. నాకోసం దారం గుంజి కట్టి మీద సన్నటి చాప పరిచిండ్రు, అరికాలుతోటి తడిమితే దిక్కు తెలుస్తది. బంతికి బరువున్న పక్క చిన్న చక్రం గుర్తు చెక్కి ఉంటది, దాన్ని బొటనవేలుతోటి పట్టుకొమ్మన్నరు. జాక్ కాడ ఒకరు నిలబడి పిలుస్తరు, ఆ గొంతు దిక్కు దొర్లియ్యాలె. గిండ్ల నేను వంక పెట్టేటిది ఏం లేదు.

వంక పెట్టేదంతా దొర్లిచ్చినంకనే. మొదటి బంతి ఇడిసిన్నో లేదో టపటపమని చప్పట్లు. "వావ్, ఎంత బాగేసినవమ్మా! దగ్గర్నే పడ్డది!" అన్నది మేడం. రెండోది గూడ దగ్గర్నే. మూడోది గూడ దగ్గర్నే. నా లోపల ఒక పిచ్చి సంబురం లేసింది.

గంతల గట్టు మీద కూసోని పల్లికాయ ఒలుసుకుంటున్న వదిన అన్నది: "దగ్గర్నా? దీని మొఖం. మూడుకు మూడు కాలువల పడ్డయి."

మేడం పొయ్యి వదిన చెవుల నెమ్మదిగ చెప్పింది, నాకు ఇనబడదనుకున్నదేమో. "అట్ల అనొద్దమ్మా, పాపం, ఆమె మనసు నొస్తది." అయ్యో పాపమంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటదంటరు. ఆ ఐతారాలల్ల ఆ మేడం ఎన్ని జన్మల పాపం మూటగట్టుకున్నదో.

నా మనసు ఎవలడిగిండ్రు? నాకు బంతి ఏడ పడ్డదో గావాలె.

గిది నాకు ఎందుకంత పట్టింపో చెప్త. ఇంటికాడ అవ్వ ఉన్నప్పుడు నన్ను బియ్యం ఏరమనేది. వేళ్లతోటి తడిమి తడిమి ఏరేది నేను. "నా బంగారు తల్లి, ఒక్క రాయి లేదు" అనేది అవ్వ. నేను లేసి అవతలికి పోంగనే ఆ సాటను మల్ల ముందటేసుకొని ఏరేది. ఆ గలగల సప్పుడు నాకు ఇనబడేది. కండ్లు పోయినోళ్లకు చెవులు గూడ ఉండయనుకుంటరో ఏమో. పుట్టి బుద్దెరిగినంక నేను చేసిన ఏ పనైన బాగయ్యిందా లేదా అన్నది నాకు ఎవ్వరూ చెప్పలే. ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, మంచిగ చేసి, అది మంచిగయ్యిందని నిజంగ తెలుసుకోవాల్నని ఉండె.

అందుకే మరుసటి ఐతారం జాక్ కాడ వదిననే నిలబెట్టుమన్న. మేడం ముక్కు ఇరిసింది. వదిన ఇంకా ఎక్కువ ఇరిసింది. "నాకేం పని లేదా?" అన్నది. నేను పట్టు ఇడువలే.

మేడం మనుషులు గజాలు, ఫీట్లు చెప్పేటోళ్లు. ఫీటంటే నేనేడ సూసిన? వదిన మా ఇంటి కొలతలు చెప్పింది. "ఒసేయ్, పొయ్యి కాడికెళ్లి బిందెల గద్దె దాక ఉన్నది దూరం. ఎడమకు పోయింది." ఆ దూరం నా కాళ్లకు ఎరుకే. "ఇప్పుడు గడప కాడికెళ్లి నీ మంచం దాక. చెయ్యి సడలియ్యి, ఎవల మీద కోపం?" ఒకపారి "నువ్వు పుట్టిందే దండుగ" అన్నది, బంతి ఎక్కడికో పోయినట్టున్నది. తిట్టు తిన్న గని నేర్చుకున్న. చక్రం గుర్తు ఎటుంటే బంతి ఎటు వంగుతదో, ఎంత ఊపుకు ఎంత దూరం పోతదో చేతికి తెలిసొచ్చింది. సంక్రాంతి పోయినంక ఒకనాడు వదిన గాజులు గలగలమన్నయి, బంతి కాడ ఒంగినట్టున్నది. తర్వాత సప్పగ అన్నది, "ఆనుకున్నది." బంతి జాక్‌ను ఆనుకున్నదట. నాకు ఏడుపొచ్చింది, మొఖం తిప్పుకున్న.

ఫ్యాక్టరీల చెరుకు క్రషింగు అయిపోతుందనంగ క్లబ్బుల జల్సా పెట్టిండ్రు. మాకు "స్నేహపు ఆట" అన్నది మేడం. స్నేహం నాకొద్దు, అకౌంటెంటు సారు భార్య తోటి అసలు పాయింట్ల లెక్కతోటి ఆడ్త అన్న. "గెలుపోటములు ముఖ్యం కాదమ్మా" అన్నది మేడం. గెలిచేటోళ్లే గిదంటరు ఎప్పుడైనా. గని ఒప్పుకున్నది.

ఆ రోజు చెరుకు పాకం వాసన ముక్కుపుటాలు పగిలేటట్టున్నది. చుట్టూ జనం. బంతి బంతికి వదిన కొలత చెప్తనే ఉన్నది, నేను సరిచేసుకుంటనే ఉన్న. చివరికి ఇద్దరం సమానమైనం. ఒక్క బంతి మిగిలింది, నాది. "ఆమెది జాక్‌కు మూరెడు దూరంల ఉన్నది," అన్నది వదిన. "నీది గంతకన్న లోపటికి రావాలె. జర పైలం."

ఇడిసిన. గడ్డి మీద జరజర పోయిన సప్పుడు సన్నగైంది, ఆగింది. వెంటనే చప్పట్లు. ఆ చప్పట్లకు అర్థం లేదని నాకు ఎరుకే. కాలువల పడ్డా కొడ్తరు, నింగికెగిరినా కొడ్తరు.

"వదినా, ఏడ?"

మల్ల బంతి కాడ ఆమె ఒంగిన గాజుల సప్పుడు.

"వదినా, ఏడున్నది?"

"దగ్గర్నే ఉన్నది తల్లీ," అన్నది. "మస్తు దగ్గర్నే ఉన్నది."

నన్ను తల్లీ అని ఆమె ఏనాడూ అనలే. పొయ్యి లేదు, గడప లేదు, మంచం లేదు. దగ్గర్నే అట.

మేడం ముందుకొచ్చింది. "ఇయ్యాల అందరూ గెలిచినట్టే!" అని నా చేతుల ఒక స్టీలు గిలాస పెట్టింది. మల్ల చప్పట్లు. థూ. ఓడిపోవుడు గూడ నాకు దక్కనియ్యలే ఈ పుణ్యాత్ములు.

వదిన వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఎప్పుడు రెక్క గుంజి లాక్కపోయే మనిషి, ఆ రోజు వేళ్లు మెత్తగ పట్టుకున్నది. కండ్లు తుడుసుకున్నదేమో, ఆమె చెయ్యి తడి తడిగున్నది. నా కోసమే ఏడుస్తుందని తెలుస్తనే ఉన్నది, అయినా నాకు కోపమే వచ్చింది.

"వదినా," అన్న, "నువ్వు గూడ మంచిదానివైతే, ఇగ నాకు చెప్పేటోళ్లెవరే?"