అమ్మ గీసిన జాకెట్లు

అబిడ్స్ దగ్గరి కాలేజీలో నా ఫైన్ ఆర్ట్స్ ఆఖరి పరీక్ష. వరండాలో బొమ్మల ఫైలు తెరిచాను. నేను బొగ్గుతో గీసిన బట్టల్లేని ఆడవాళ్లందరికీ నీలం సుద్దతో జాకెట్లు! నాంపల్లిలో జాకెట్లు కుట్టే మా అమ్మ పనే. ఫోన్ చేసి, “నా బతుకు ఆగం చేసినవ్, నీకేం తెలుసని ముట్టుకున్నవ్?” అని అరిచాను.

“గట్ల చూడలేకపోయిన బిడ్డా. సుద్దే గదా, తుడిస్తే పోతది” అంది.

ఒకటి తుడిస్తే నా గీతలూ చెరిగిపోయాయి. ఇంతలో నన్ను పిలిచారు. ఏడుస్తూనే బొమ్మలు ముందు పెట్టాను. ఎగ్జామినర్ చాలాసేపు చూశారు.

“ఈ జాకెట్లు ఎవరు గీశారో గానీ, భుజం ఎక్కడుంటుందో వాళ్లకు తెలుసు. నువ్వు గీసిన ఒళ్లే తప్పు.”

సాయంత్రం నాంపల్లి వైపు అడుగులు పడలేదు. ‘నీకేం తెలుసు’ అన్న నోటితో అమ్మా అని ఎట్లా పిలవాలి?