రూఢి చెప్పే నోరు

పలుకులకు తల్లియైన దేవతకు చేతులు జోడించి, ఆమె ఎదుట నన్ను నేను మంచివాడిగా చిత్రించుకోనని మాట ఇచ్చి, ఈ రాతకు పూనుకుంటున్నాను. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ దశమి. నెల్లూరు సీమలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఒక పల్లె.

ఈ వయసులో నాకు ఒక స్త్రీ మీద అసూయ పుట్టింది. ఆమె నాకంటె నాలుగైదేళ్ళు చిన్నది. అక్షరాలు రావు. పొద్దున బోట్లు ఒడ్డుకు చేరగానే చేపల తట్టను నెత్తికెత్తుకొని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకొని వస్తుంది. పల్లెలో అందరూ ఆమెను పెద్దమ్మ అని పిలుస్తారు. నా అసూయ ఆమె ఆరోగ్యాన్ని చూసి కాదు, ఆమె చుట్టూ తిరిగే బలగాన్ని చూసీ కాదు. ఆమె నోట వెలువడే ఒక్క మాటను చూసి. ఆ మాట రూఢి.

నేను నలభై ఏళ్ళకు దగ్గరగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. మొలకెత్తడం, పైకి ఎదగడం అనే అర్థం గల ధాతువు నుంచి ఈ మాట పుట్టిందనీ, లోకవ్యవహారంలో వేళ్ళూని నిలిచిన అర్థాన్ని శాస్త్రకారులు రూఢి అన్నారనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా కోవూరులో కాలువకు నీళ్ళు వదిలే రోజు దగ్గరపడితే రైతులు ఒకరినొకరు "రూఢిగా తెలిసిందా?" అని అడిగేవారు. కొడవలూరులోని మా బంధువులు "సంబంధం రూఢి అయింది" అన్న తరువాతే శుభలేఖల మాట ఎత్తేవారు. ఎవరో చెప్పగా విన్నది వేరు, ఇక మారదని తేలినది వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న గడప పేరు రూఢి. ఇంత చక్కగా వివరించగల నన్ను కాదని, ఈ పల్లె ఆ గడప మీద పెద్దమ్మను కూర్చోబెట్టింది.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. చేపల వేటకు వెళ్ళిన బోటు రావలసిన పొద్దుకు రాకపోతే, అందులో ఉన్నవారి ఇళ్ళలో పొయ్యి వెలిగించరు. గ్యాసు పొయ్యిలు వచ్చినా ఆ కట్టుబాటు పోలేదు. పిల్లలకు పక్కింటివారే అన్నం పెడతారు. బోటు ఫలానా చోట క్షేమంగా ఉందని పెద్దమ్మ విచారించి "రూఢే" అన్న తరువాతనే ఆ ఇంటి ఇల్లాలు అగ్గిపుల్ల గీస్తుంది. ఈ అధికారం ఆమెకు ఎవరూ కట్టబెట్టలేదు. ఎప్పుడు మొదలైందో కూడా ఎవరూ చెప్పలేరు.

పదవీ విరమణ తరువాత, ఇక్కడి బడిలో పనిచేసే మా అమ్మాయి దగ్గర ఉందామని వచ్చాను. పొద్దున్నే ఒడ్డున కూర్చొని పత్రిక చదవడం అలవాటైంది. వచ్చిన కొత్తలో ఒకనాడు, పత్రికలో చూసి, "ఈరోజు వాన లేదు, రూఢి" అన్నాను. వల బాగుచేసుకుంటున్న ఒకతను తల ఎత్తకుండానే అరిచాడు.

"పెద్దమ్మా, అయ్యోరు వాన రాదంటుండారు. రూఢేనా?"

ఆమె తట్టలో చేపలు సర్దుకుంటూ, "ఆ రాసినాయన ఆకాశం చూసి రాసినాడో, ఇంకో పేపరు చూసి రాసినాడో నాకేం తెలుసురా!" అంది.

"అయ్యోరా, మీ పేపరు తడిస్తే మాత్రం వాన రూఢి!" అని ఇంకొకతను అందుకున్నాడు. ఒడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఆ పూట భోజనం చేయలేకపోయాను. తరగతి గదిలో నా మాటకు ఎదురుమాట ఉండేది కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ పల్లె నా నోట రూఢి విని పొయ్యి వెలిగించాలన్న కోరిక ఆనాడే నాలో నాటుకుంది. ఇంత చిన్న కోరికకు ఇంత విషం ఎక్కడిదో నాకు తెలియదు.

కార్తీక బహుళ నవమి నాడు నలుగురు మనుషులతో ఒక బోటు వేటకు వెళ్ళింది. ఏకాదశి నాటికి రావాలి. రాలేదు. సముద్రంలో గాలి లేచింది. బోటు నడిపే అతని భార్య మా వీధి చివర ఇంట్లో ఉంటుంది, పాతికేళ్ళు ఉంటాయేమో. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో పొయ్యి లేదు.

ద్వాదశి నాటి ఉదయం నా పూర్వ శిష్యుడు ఒకడు ఫోను చేశాడు. దక్షిణాన ఒక రేవులో అతనికి ఉద్యోగం. ముందురోజు నేనే అతనికి బోటు మీద రాసి ఉన్న అమ్మవారి పేరు చెప్పి విచారించమన్నాను.

"మాస్టారూ, ఆ పేరు గల బోటు నిన్న ఇక్కడికి చేరిందండీ. నీలం రంగు. నలుగురూ బాగున్నారని రిజిస్టరులో రాశారు."

నా మనసులో మొదట మెదిలినది ఆ నలుగురూ కాదు. పెద్దమ్మకు ఇంకా తెలియదన్న ఆలోచన. చెప్పులు సరిగా తొడుక్కోకుండా ఒడ్డుకు నడిచాను. ఆ అమ్మాయి ఇసుకలో కూర్చొని ఉంది. పెద్దమ్మ ఆమె పక్కనే నిలబడి, దక్షిణం వైపు నుంచి అప్పుడే వచ్చిన బోటువాళ్ళను ఆరా తీస్తున్నది.

"అమ్మా, మీ ఆయన క్షేమం. నలుగురూ క్షేమం. ఇది రూఢి," అన్నాను. ఆ చివరి మాటను ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా పలికానో నాకు ఇంకా గుర్తుంది.

పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"చూసినోళ్ళు ఎవురయ్యా?"

"మా శిష్యుడు. ఆఫీసులో ఉన్నాడు."

"ఆ పిల్లోడు బోటుని చూసినాడా, రాసిందాన్ని చూసినాడా?"

"రాసినదే. పేరు సరిపోయింది. రంగు సరిపోయింది. ఇంకేం కావాలి?"

"ఎవురి బోటని అడిగినారా? నడిపే మనిషి ఎవురు, ఏ ఇంటోడు?"

అడగలేదు. ఆ ప్రశ్న నాకు తోచలేదు. బోటు మీద పేరు రాసి ఉండగా మనిషిని అడగడం ఎందుకు? "అక్షరాలు అబద్ధం చెప్పవు పెద్దమ్మా," అన్నాను. అందులోని ఎత్తిపొడుపు ఆమెకు అర్థమై ఉంటుంది. ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, "మే, కాసేపు ఆగు. ఇంకా తెలవలేదు," అంది.

ఆ అమ్మాయి ఆగలేదు. "సదువుకున్నోరు, అయ్యోరు అబద్ధం చెప్తారా పెద్దమ్మా?" అంటూ లేచింది. వెళ్ళబోతూ వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. అంతమంది చూస్తుండగా పెట్టింది. దీర్ఘాయుష్మంతురాలివి కమ్మని దీవించాను. ఆ అర నిమిషం కోసమే నేను ఇన్ని నెలలుగా ఎదురుచూశాను. కాసేపటికి ఆ ఇంటి కిటికీలోంచి తాలింపు వాసన వీధిలోకి వచ్చింది. నేను ఆ వీధిలో అవసరం లేకపోయినా రెండుసార్లు నడిచాను.

మధ్యాహ్నానికి పక్కపల్లె నుంచి ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చారు. తమ బోటు దక్షిణాన రేవు చేరిందనీ, తమవాళ్ళు నలుగురూ క్షేమమనీ సంబరంగా చెప్పారు. అదే అమ్మవారి పేరు. అదే నీలం రంగు. ఈ తీరంలో ఆ పేరు గల బోట్లు ఊరికి ఒకటి రెండు ఉంటాయట. అందుకే ఇక్కడివారెవరూ బోటును దాని మీద రాసిన పేరుతో గుర్తించరట. నడిపేవాడి ఇంటిపేరే బోటుకు పేరు. వల పట్టిన ప్రతి మనిషికీ తెలిసిన ఈ సంగతి నాకొక్కడికే తెలియదు.

ఆ అమ్మాయికి చెప్పడానికి బయలుదేరాను. నా తప్పును నేనే ఒప్పుకోవాలన్న బుద్ధి అప్పటికైనా కలిగిందని సంతోషించాను కూడా. ఆ ఇంటి వాకిట్లోనే పెద్దమ్మ ఎదురైంది.

"మీరు రాబాకండయ్యా. నేను చెప్పినాను."

"ఏమని?"

"ఆ బోటు మనది కాదు, మన బోటు సంగతి ఇంకా తెలవదు అని."

లోపలికి చూశాను. పొయ్యి ఆర్పేశారు. అన్నం గిన్నె మీద మూత బోర్లించి ఉంది. ఆ అమ్మాయి గోడకు ఆనుకొని, ఏడవకుండా కూర్చొని ఉంది. నేను శాస్త్రసమ్మతంగా పలికిన రూఢి ఆమెను వంటింట్లోంచి తెచ్చి ఆ గోడ దగ్గర పడేసింది. పెద్దమ్మ చెప్పిన "తెలవదు" మాత్రం ఆమెను పట్టుకొని నిలబెట్టింది. పశ్చాత్తాపం కలగవలసిన ఆ క్షణంలోనూ నాకు కలిగినది అసూయే. రూఢి అన్నప్పుడే కాదు, తెలియదు అన్నప్పుడు కూడా ఆమెను నమ్ముతారు. నేను నా ఉద్యోగకాలంలో ఒక్క విద్యార్థి ముందైనా తెలియదు అని ఎరుగను. నాకు ఆ మాట పలకడమే చేతకాదు.

"నన్ను తిట్టలేదేం పెద్దమ్మా?" అని అడిగాను. తిడితే బాగుండునని ఉంది.

"తిడితే బోటు వస్తదా అయ్యోరా?" అని తట్ట ఎత్తుకొని వెళ్ళిపోయింది.

త్రయోదశి అంతా ఆమె చేపల అమ్మకానికి పోలేదు. వచ్చిన ప్రతి బోటు దగ్గరికీ నడిచింది. నేను మా మేడ మీద నుంచి చూశాను. ఇంకో నిజం రాయకపోతే మొదట ఇచ్చిన మాట తప్పినవాణ్ణవుతాను: ఆమె కూడా ఒక్కసారి రూఢి అని పొరబడితే చూడాలని నా మనసులో ఒక మూల కోరింది. ఆమె పొరబడడమంటే ఆ నలుగురికీ ఏమవుతుందో తెలిసి కూడా కోరింది.

కార్తీక బహుళ చతుర్దశి నాటి ఉదయం, ఇంజను చెడిన ఆ బోటును ఒక పెద్ద బోటు తాడు కట్టి లాక్కొని వచ్చింది. నలుగురూ బతికి వచ్చారు; ఒకతనికి చెయ్యి విరిగింది. ఆ అమ్మాయి నాతో మాట్లాడడం లేదు. మార్గశిర శుద్ధ అష్టమి నాడు ఇంజను బాగుచేయించుకొని ఆ బోటు మళ్ళీ వేటకు వెళ్ళింది. ఈరోజు దశమి, అది తిరిగి రావలసిన రోజు; వచ్చిందో లేదో నాకు తెలియదు.